కిరాయిలతోనే ఈఎంఐ తీరుతుందంటున్నాడు మా ఆయన, ఎట్లా నమ్మాలి అక్కా?

మిర్యాలగూడ నుంచి ఒక చెల్లె రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దంది. తను ప్రభుత్వ బడిలో టీచర్, భర్త రైస్ మిల్లులో లెక్కలు చూస్తాడు. బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం, కొడుకు ఎనిమిదో తరగతి. నాన్న పోయాక ఊళ్ళో భూమి అమ్మితే తన వాటా కింద 36 లక్షలు వచ్చాయి. ఆ డబ్బులు చూసుకొని భర్త పట్టణం చివర ఒక జీ ప్లస్ టూ బిల్డింగ్‌ను బేరం చేశాడు. 200 గజాల జాగ, ఆరు సింగిల్ బెడ్‌రూం పోర్షన్లు, ధర 80 లక్షలు. ఒక్కో పోర్షన్‌కు 7,000 చొప్పున నెలకు 42,000 కిరాయి వస్తోందని అమ్మేవాళ్ళు చెప్పారు. చెల్లె జీతం మీద 50 లక్షల లోన్ వస్తుందని బ్యాంకులో నోటిమాటగా అన్నారు. కిరాయిలతోనే ఈఎంఐ పోతుంది, ఐదేళ్ళలో రేటు డబుల్ అవుతుంది, ఇదీ భర్త లెక్క. చెల్లెతో సరిగ్గా మాట్లాడకుండానే ఆ డబ్బులోంచి 2 లక్షలు బయానా ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నాడు. మూడు నెలల గడువులో సగం అయిపోయింది. ఎందుకింత తొందర అంటే 'నా మీద నీకు నమ్మకం లేదు, నీ పైసలని నీ పెత్తనం' అంటున్నాడట. యాదగిరిగుట్ట వైపు ప్లాట్లు కొన్న దోస్తులంతా పైకొచ్చారు, తనొక్కడే మిగిలిపోయానని ఆయన బాధ. 'మా ఆయన చెడ్డోడు కాదక్కా. కానీ ఇది మా నాన్న భూమి. పోతే మళ్ళీ రాదు. వద్దంటే ఇంట్లో గొడవ, సరేనంటే నాకు నిద్ర పట్టదు' అని రాసింది.

చెల్లె, ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదివాను. మీ ఇంట్లో జరుగుతున్న గొడవలో ఆ బిల్డింగ్ ఎక్కడా లేదు. ఆయన నమ్మకం అంటున్నాడు, నువ్వు భయం అంటున్నావు, ఈ రెండింటి మీద ఎన్ని రాత్రులు మాట్లాడుకున్నా తెగదు, ఎందుకంటే ఒకరి నమ్మకాన్ని ఇంకొకరు వెళ్ళి చూసి రాలేరు. కానీ ఆయన చెప్పే లెక్కలో ఉన్న ప్రతి మాటనూ వెళ్ళి చూసి రావచ్చు. 42,000 కిరాయి నిజమా, అది నిలుస్తుందా, 50 లక్షల లోన్ ఖాయమా, ఐదేళ్ళలో డబుల్ అని ఎవరన్నారు. ఇవన్నీ ఇప్పటివరకు మీ ఇద్దరిలో ఎవరూ పరీక్షించని ఊహలే. మిగిలిన నెలన్నర గడువు ఆ పనికి చాలు.

మొదటి పరీక్షకు కావలసిన ఆధారం నీ ఉత్తరంలోనే ఉంది, నువ్వు గమనించలేదు. సాగర్ రోడ్డు దగ్గర రెండు బెడ్‌రూంల ఇంట్లో ఉంటున్నాం, 6,500 కిరాయి కడుతున్నాం అని ఎక్కడో మధ్యలో రాశావు. నడి ఊళ్ళో రెండు బెడ్‌రూంలకు మీరు 6,500 ఇస్తుంటే, ఊరి చివర ఒక్క బెడ్‌రూం పోర్షన్‌కు 7,000 ఎవరిస్తారు, ఎందుకిస్తారు? దానికి జవాబు కూడా నువ్వే రాశావు: అక్కడుండేది 'థర్మల్ ప్లాంటు కాంట్రాక్టు కంపెనీ వాళ్ళు, పోర్షన్‌కు నలుగురైదుగురు'. అంటే ఆ 7,000 మిర్యాలగూడ కిరాయి రేటు కాదు. నలుగురు మగవాళ్ళు పంచుకునే రేటు, లేదా కంపెనీ తన లెక్కలోంచి కట్టే రేటు.

దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంటుకు 2015లో శంకుస్థాపన జరిగింది. ఒక్కోటి 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్లు. 2024 డిసెంబర్‌లో రెండో యూనిట్‌ను ముఖ్యమంత్రి ప్రారంభించారు. కట్టడానికి కావలసిన మనుషులు వేరు, నడపడానికి కావలసిన మనుషులు వేరు. వెల్డర్లు, ఫిట్టర్లు, సూపర్‌వైజర్లు, సైట్ ఇంజనీర్లు పని అయిపోగానే ఇంకో రాష్ట్రంలో ఇంకో సైట్‌కు పోతారు. ప్లాంటు నడిపే ఉద్యోగులు చాలా ఏళ్ళు ఉంటారు నిజమే, కానీ వాళ్ళు కుటుంబంతో వస్తారు, వాళ్ళకు ఊరి చివర సింగిల్ బెడ్‌రూం సరిపోతుందా, లేక క్వార్టర్లలో ఉంటారా అన్నది వేరే ప్రశ్న. మన జిల్లా వాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. నాగార్జునసాగర్ డ్యాంకు 1955లో శంకుస్థాపన అయింది, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. డ్యాం కట్టిన రోజుల్లో పైలాన్ కాలనీ, హిల్ కాలనీల్లో ఎంత జనం ఉండేవారో, పని ముగిశాక ఎంతమంది మిగిలారో మీ వైపు పెద్దవాళ్ళు ఎవరినడిగినా చెప్తారు.

కిరాయి ఇల్లు కొనేవాళ్ళు గోడలు చూస్తారు, ఫ్లోరింగ్ చూస్తారు. నేనైతే ముందు చూడమనేది కిరాయి కట్టేవాళ్ళ జీతం. ఆ జీతం ఎవరిస్తున్నారు, ఎన్నాళ్ళిస్తారు. మీ ఊళ్ళో మిల్లులున్నాయి, బళ్ళు కాలేజీలున్నాయి, ఆస్పత్రులున్నాయి, బ్యాంకులున్నాయి, రైల్వే ఉంది. ఈ జీతాలు ప్లాంటు పని ఆగినా ఆగవు. అట్లాంటి కుటుంబాలు ఆ వీధికి వస్తాయా, వస్తే ఎంతిస్తాయి, ఇదే నువ్వు తేల్చాల్సిన అంకె.

ఎట్లా తేల్చాలంటే, అమ్మేవాళ్ళు లేనప్పుడు వెళ్ళి కిరాయిదార్లతో మాట్లాడండి. ఆదివారం పొద్దున అయితే ఇళ్ళ దగ్గర ఉంటారు. ఎంత కడుతున్నారు, వ్యక్తులు కడుతున్నారా కంపెనీ కడుతోందా, ఎన్నాళ్ళుంటారు, నీళ్ళు ఎట్లా ఉన్నాయి అని మామూలుగా అడిగితే చెప్తారు, ఎవరూ దాచరు. చుట్టూ నాలుగు వీధులు నడిచి టు-లెట్ బోర్డులు ఎన్నున్నాయో చూడండి, వాటి మీద నంబర్లకు నువ్వే ఫోన్ చేసి కుటుంబానికి సింగిల్ బెడ్‌రూం ఎంతకిస్తారని అడుగు. పది రోజులాగి మళ్ళీ అదే వీధికి వెళ్ళి అవే బోర్డులు వేలాడుతున్నాయా చూడు. ఒక ఇల్లు నిండడానికి ఎన్నాళ్ళు పడుతుందో అట్లా తెలుస్తుంది. ఇక అమ్మేవాళ్ళను అడగాల్సింది నోటిమాట కాదు. కిరాయి ఫోన్‌పేలో పడుతుంటే ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించమనండి. ఆరు పోర్షన్ల కరెంటు బిల్లులు పన్నెండు నెలలవి అడగండి. ఏ పోర్షన్ ఏ నెల ఖాళీగా ఉందో యూనిట్లే చెప్తాయి.

ఆ కరెంటు బిల్లుల దగ్గరే ఇంకో సంగతి ఉంది. ఆరింటికీ విడివిడి మీటర్లు ఉన్నాయా, అన్నిటికీ ఒకటేనా? ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు జీరో బిల్లు కిరాయిదార్లకు కూడా వస్తుంది, కానీ ఇంటికో మీటర్ ఉండి రేషన్ కార్డు దానికి ముడిపడితేనే. ఒకే మీటర్ మీద ఆరు కుటుంబాలుంటే అది పోతుంది, పైగా శ్లాబు పెరిగి యూనిట్ రేటు ఎక్కువ పడుతుంది. ఇప్పుడు మన దగ్గర కుటుంబాలు ఇల్లు చూడ్డానికి వచ్చి మొదట అడిగేది ఇదే. రెండోది నీళ్ళు. బోరు ఎండాకాలంలో ఎట్లా ఉంటుందో పక్కింటివాళ్ళను అడగండి, అమ్మేవాళ్ళను అడిగి లాభం లేదు.

ఇక లెక్క వేద్దాం. 50 లక్షల లోన్ 8.5 శాతం మీద 20 ఏళ్ళకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 43,400. మీ ఆయన చూస్తున్నది 42,000 వచ్చే, 43,400 పోయే లెక్క. కుటుంబాలకిస్తే పోర్షన్‌కు 5,000 వస్తుందనుకో, ఒక్కోటి ఏడాదిలో రెండు నెలలు ఖాళీ ఉంటుందనుకో, ఏడాదికి 3 లక్షలు. ఇంటి పన్ను, మోటార్, మెట్ల లైటు, ఎవరైనా ఖాళీ చేసినప్పుడల్లా సున్నం, ప్లంబర్, వీటికి 45,000 తీసేస్తే 2,55,000. నెలకు 21,250. అంటే నెల నెలా 22,000 పైగా నీ జీతంలోంచి పోవాలి, 20 ఏళ్ళు. బ్యాంకు వడ్డీ ఒక శాతం పెరిగితే ఈఎంఐయే 46,600 అవుతుంది. రిజిస్ట్రేషన్‌తో కలిపి 86 లక్షలు పెట్టి ఏడాదికి 2,55,000 అంటే మూడు శాతం. 8.5 శాతానికి తెచ్చి మూడు శాతానికి పెట్టడం. అదే నీ 36 లక్షలు 6.5 శాతం డిపాజిట్‌లో ఉంటే ఏడాదికి 2,34,000 ఊరికే వచ్చేది, అప్పు లేకుండా. 5,000, రెండు నెలలు అన్నవి నేను పెట్టిన అంకెలు. మీరు వీధిలో తెలుసుకున్నవి పెట్టి మళ్ళీ వేసుకోండి. కంపెనీ వాళ్ళు ఒకేసారి ఖాళీ చేస్తే మూడు నెలలు ఆరు పోర్షన్లూ ఖాళీ ఉన్నా తట్టుకోగలమా అన్నది కూడా చూసుకోండి, అంటే లక్షా ముప్పై వేలు చేతిలో ఉండాలి.

ఇప్పుడు నన్ను నిజంగా భయపెట్టిన వాక్యం గురించి. 'డాక్యుమెంట్ 45 లక్షలకు చేసుకుందాం, మిగతాది క్యాష్ ఇవ్వమంటున్నారు' అని రాశావు. చెల్లె, 50 లక్షల లోన్, 45 లక్షల డాక్యుమెంట్, ఈ రెండూ ఒకేసారి నిజం కాలేవు. నీ జీతానికి ఎంత వస్తుందన్నది ఒక లెక్క, ఆస్తి మీద ఎంత ఇస్తారన్నది ఇంకో లెక్క. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కు రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఆస్తి విలువలో 80 శాతం దాటి ఇవ్వకూడదు. 45 లక్షల మీద 80 శాతం 36 లక్షలు. మీ దగ్గర 36, లోన్ 36, మొత్తం 72. బిల్డింగ్ 80, దానికి 45 లక్షల మీద 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు 3,37,500. ఇంకా 11 లక్షలకు పైగా తక్కువ పడుతుంది. ఆ 11 లక్షలు రిజిస్ట్రేషన్ ముందురోజు ఊళ్ళో రెండు రూపాయల మిత్తికి తెస్తారు, ఏడాదికి 24 శాతం. ఇట్లానే ఇళ్ళు మునుగుతాయి.

ఇంకోటి. క్యాష్‌గా పోయే 35 లక్షలంటే దాదాపు మీ నాన్న భూమి మొత్తం. అది ఏ కాగితంలోనూ కనపడదు. రేపు ఏదైనా తేడా వస్తే ఆ డబ్బు నువ్వు పెట్టావని చూపించడానికి ఏమీ ఉండదు. స్థిరాస్తి బేరంలో 20,000 గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే తీసుకున్నవాళ్ళకు అంత మొత్తం జరిమానా పడే నిబంధన ఉంది. నువ్వు ప్రభుత్వ ఉద్యోగివి, స్థిరాస్తి కొనేముందు శాఖ అనుమతి తీసుకోవాలి, డబ్బు ఎక్కడిదో చూపాలి. కాబట్టి ఇందులో వేరే దారులేవీ నీకు చెప్పను, మొత్తం ధర డాక్యుమెంట్‌లో రాయకపోతే ఈ బేరంలోకి దిగొద్దు. రాస్తే 50 లక్షలు దాటిన ధర కాబట్టి ఒక శాతం టీడీఎస్, అంటే 80,000, వాళ్ళకిచ్చే దాంట్లోంచి పట్టుకొని ఆదాయపు పన్ను కింద మీరే ప్రభుత్వానికి కట్టాలి.

ట్యాక్స్ తగ్గుతుందని ఆయన అన్నాడట. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో ఉంటే, కిరాయికిచ్చిన ఇంటి లోన్ వడ్డీ వల్ల చూపే నష్టాన్ని జీతంలోంచి 2 లక్షల వరకు తగ్గించుకోవచ్చు. కొత్త పద్ధతిలో ఆ నష్టాన్ని జీతంలోంచి తీసేయనివ్వరు. నువ్వు దేనిలో ఉన్నావో చూసుకో. కాగితాలు వకీలుకు చూపించండి: ఈసీ (ఆ ఆస్తి మీద అప్పులు, అమ్మకాలు ఏమున్నాయో చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్, అన్నిటికంటే ముఖ్యంగా మున్సిపాలిటీ పర్మిషన్ ఎన్ని అంతస్తులకు ఉందో. జీ ప్లస్ వన్‌కు తీసుకొని పైన ఇంకోటి వేసినవి మన పట్టణాల్లో చాలా ఉన్నాయి. అట్లా అయితే ఆరింట్లో రెండు పోర్షన్ల కిరాయి పర్మిషన్ లేని అంతస్తు మీద వస్తున్నట్టు.

ఐదేళ్ళలో డబుల్ కావాలంటే ధర ఏడాదికి 15 శాతం దగ్గర పెరగాలి, ఏడాది కూడా ఆగకుండా. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు కొత్త కలెక్టరేట్ ఎటు వస్తుందంటే అటు ప్లాట్లు లేచాయి, యాదగిరిగుట్టలో గుడి పని మొదలైనప్పుడు లేచాయి. ఆ రేట్లు విని మీ ఆయన మనసు కష్టపడడంలో తప్పేం లేదు, కష్టపడే మనిషికి పక్కవాడు కూర్చున్నచోట సంపాదించాడంటే అట్లానే ఉంటుంది. కానీ ఆ దోస్తుల్లో నిజంగా అమ్మి డబ్బు ఖాతాలో వేసుకున్నవాళ్ళు ఎందరు, రేటు చెప్పుకుంటున్నవాళ్ళు ఎందరు అని ఆయన్నే అడగమను. ఈ వీధి రేటు కూడా అంతే, బ్రోకర్ చెప్పేది వద్దు, ఈ రెండేళ్ళలో అక్కడ ఇల్లు అమ్మినవాళ్ళను పట్టుకొని ఎన్నాళ్ళు తిరిగితే ఎంతకు పోయిందో తెలుసుకోండి.

వీటన్నిటికంటే ముందు ఒక పని చేయండి. బయటికి వెళ్ళకముందే ఇద్దరూ కూర్చొని, ఏ అంకె వస్తే ఈ బిల్డింగ్ వదిలేయాలో కాగితం మీద రాసుకోండి. కుటుంబాల కిరాయి పోర్షన్‌కు ఇంతకంటే తక్కువ తేలితే వద్దు, నెలకు చేతినుంచి ఇంత దాటితే వద్దు, అన్నిటికంటే పై అంతస్తుకు పర్మిషన్ లేకపోతే వద్దు. ఆయన అంకె ఆయన రాయాలి, నీది నువ్వు రాయాలి. ముందే రాసుకోకపోతే ఏం జరుగుతుందంటే, 5,000 అని తేలినప్పుడు 'ముందుముందు పెరుగుతుందిలే' అని ఆయనంటాడు, 6,500 అని తేలినా నువ్వు 'అయినా నాకు భయమే' అంటావు. ఇద్దరి మనసూ తనకు కావలసిన వైపే లాగుతుంది. తర్వాత వీధులు తిరిగే పని ఆయన చేతుల్లోనే పెట్టు, లెక్కలు ఆయన వృత్తి, బాగా చేస్తాడు. నువ్వు వెనకాల నిఘా పెట్టినట్టు తిరిగి తప్పులు పట్టుకొస్తే నీ లెక్క నిజమైనా ఆయన వినడు.

ఇక మీ ముందున్న దారులు. అంకెలు బాగా వస్తే, పూర్తి ధర డాక్యుమెంట్‌లో రాస్తే తీసుకోవచ్చు, కానీ ఇప్పటి కిరాయిని బట్టి కాకుండా కుటుంబాల కిరాయిని బట్టి ధర తగ్గించమని అడగండి. తగ్గించకపోతే వాళ్ళ 42,000 మీద వాళ్ళకే నమ్మకం ఎంతుందో తెలిసిపోతుంది. తీసుకున్నా కిరాయి వ్యవహారం ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి, వడ్ల సీజన్‌లో ఆయన మిల్లు నుంచి రాత్రి ఎప్పుడొస్తాడో నీకు తెలుసు, మోటార్ కాలిపోయిందని ఫోన్ నీకే వస్తుంది.

రెండు పోర్షన్ల చిన్న ఇల్లు చూడడం ఇంకో దారి. 42 లక్షల ఇల్లనుకో, రిజిస్ట్రేషన్‌తో 45 లక్షల పైచిలుకు, 12 లక్షల లోన్ అంటే ఈఎంఐ 10,400. ఒక దాంట్లో మీరే ఉంటే 6,500 మిగులుతుంది, రెండోదాని కిరాయి ఈఎంఐలో సగం మోస్తుంది. రాబడి శాతం ఇక్కడా గొప్పగా ఉండదు, అబద్ధం చెప్పను. చేతిలో డబ్బు కూడా దాదాపు అయిపోతుంది. కానీ ఒక ఏడాది కిరాయి రాకపోయినా ఇల్లు గడుస్తుంది. ఆయనకు కావలసిన 'మనదంటూ ఒక ఆస్తి' కూడా ఉంటుంది.

అసలేమీ కొనకుండా ఒక ఏడాది ఆగొచ్చు. డబ్బు ఒకేచోట కాకుండా వేర్వేరు బ్యాంకుల్లో పెట్టుకో, బ్యాంకుకు 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుందని గుర్తుంచుకో. బిడ్డకు ఎప్‌సెట్ తర్వాత కాలేజీ ఖర్చు మొదలవుతుంది, ఏ దారి పట్టినా ఆ డబ్బు ముందే పక్కన పెట్టు. ఆగడంలో నష్టం ఏంటంటే, ఆ బిల్డింగ్ నిజంగానే బాగా పెరిగితే ఆయన ఆ మాట ఏళ్ళ తరబడి అంటాడు. దానికి కూడా సిద్ధపడే ఆగాలి.

వెనక్కి తగ్గితే బయానా 2 లక్షలు పోవచ్చు, అది చిన్న డబ్బేం కాదు. అయితే ఆ 2 లక్షల కోసం 80 లక్షల్లోకి దిగకండి. అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నారో వకీలుకు చూపిస్తే, పర్మిషన్ లాంటివి దాచినట్టు తేలినప్పుడు తిరిగి అడిగే వీలుందేమో చెప్తాడు. కొనే పక్షంలో డాక్యుమెంట్ నీ పేరు మీద, లేదా డబ్బు నిష్పత్తిలో ఇద్దరి పేర్ల మీద ఉండాలి. నాన్న ఇచ్చిన డబ్బు, లోన్ నీ జీతం మీద, ఈ మాట అడగడం ఆయన్ని అవమానించడం కాదు. కోపంలో ఉన్నప్పుడు అడగకు, పిల్లల ముందు అడగకు.

ఈ వారంలోనే ఆయన చేత అమ్మేవాళ్ళకు ఫోన్ చేయించి, కాగితాలు చూసుకోవడానికి ఇంకో రెండు నెలలు గడువు పెంచమని అడిగించు. ఒప్పుకుంటే అదే అగ్రిమెంట్ వెనక రాయించి ఇరువైపులా సంతకాలు, సాక్షుల సంతకాలు పెట్టించండి. ఒప్పుకోకపోతే ఉన్న గడువులోనే ముందు పర్మిషన్ కాగితం, కరెంటు బిల్లులు, కిరాయిదార్లతో మాట, ఈ మూడూ పూర్తి చేయండి. అవి అయ్యేదాకా బ్యాంకులో ఏ ఫారం మీదా సంతకం పెట్టకు.